పేరు మీద పెట్టని బొట్టు

పిన్ని పోయిందన్న మాట బాబాయి ఫోనులో అనలేదు. "ఓసారి రా అమ్మా, మీ పిన్ని లేవడం లేదు" అన్నాడు. యూసుఫ్‌గూడ నుంచి శ్రీనగర్ కాలనీ ఎంత దూరమని, ఆ పొద్దున మాత్రం ఆటోలో ఆ దారి తరగలేదు. నేను వెళ్ళేసరికి కాఫీ కోసం బాబాయి పెట్టిన పాలు పొయ్యి మీద మీగడ కట్టి ఉన్నాయి. పక్కింటివాళ్ళెవరో స్టవ్ ఆపారట. పిన్ని గోడవైపు తిరిగి, రోజూ పడుకున్నట్టే పడుకుని ఉంది. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. బాబాయి రెండు గ్లాసులూ కడిగి గట్టు మీద బోర్లించి పెట్టాడు, వాటివంకే చూస్తూ నిలబడ్డాడు.

మా అమ్మ చెల్లెలు ఆవిడ. నాకు ఉద్యోగం నేర్పింది కూడా ఆవిడే. ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్ అయిపోయిన సినిమాలకి మాటలు, చప్పుళ్ళు, సంగీతం కలిపే ఒక స్టూడియోలో డిస్కుల గదికి పిన్ని ఇన్‌ఛార్జి. నా డిగ్రీ అవగానే తీసుకెళ్ళి తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది. నేను పిన్నీ అని పిలవడం విని ముందు ఇంజనీర్లు, తర్వాత మేనేజరు, ఆఖరికి జూబ్లీహిల్స్ నుంచి కార్లలో దిగే నిర్మాతలు కూడా ఆవిడని పిన్నిగారూ అనడం మొదలుపెట్టారు. ఆవిడకి వినయం తక్కువే. గంజి పెట్టిన చీర కట్టుకుని, ఎంత పెద్ద డైరెక్టరైనా సరే చెప్పులు బయట విప్పితే తప్ప గదిలోకి రానిచ్చేది కాదు. దుమ్ము డిస్కులకి పడదని చెప్పేది గానీ, వాళ్ళచేత చెప్పులు విప్పించడం ఆవిడకి కాస్త సరదా అని నాకు తెలుసు.

ఇది చదివేవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో పాత డిస్కులు ఇప్పుడు పావురాలు రాకుండా బాల్కనీలో వేలాడుతూ ఉంటాయి. కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ రోజుల్లో మాటలు ఒక థియేటర్లో రికార్డు చేసేవాళ్ళు, అన్నీ కలపడం ఇంకో చోట. ఈ రెంటి మధ్యా తిరిగేవి మా డిస్కులే. మామూలు డిస్కు మీద ఒకసారి రాస్తే అంతే, చెరపలేం. మేము వాడేవి చెరిపి మళ్ళీ రాసుకునే రకం, పలకల్లాంటివి. కొత్త డిస్కు వస్తే ముందు యూడీఎఫ్ అనే పద్ధతిలో దాన్ని సిద్ధం చెయ్యాలి, అంటే ఏది ఎక్కడ రాయాలో గళ్ళు గీసి పెట్టడం. ఆ తర్వాత కూడా డిస్కు లోపల పెట్టినంత మాత్రాన మా గదిలోని లినక్స్ కంప్యూటర్ సిస్టమ్ దాన్ని పట్టించుకునేది కాదు. ఇదిగో డిస్కు, ఇదీ దాని పద్ధతి, దీన్ని ఫలానా ఫోల్డరులో చూపించు అని టైపు చేసి చెప్పాలి. దాన్నే మౌంట్ చెయ్యడం అంటారు. పిన్ని ఆ వాక్యాన్ని కీబోర్డు చూడకుండా, బయట కారిడార్లో ఎవరితోనో మాట్లాడుతూ కొట్టేసేది.

బయటినుంచి వచ్చిన ఏ డిస్కునైనా మొదటిసారి చదవడానికి మాత్రమే తెరవమనేది. రాయడానికి అనుమతి ఆ తర్వాతే. "ముందు చూడు, తర్వాత ముట్టుకో" అనేది. నా పెళ్ళి సంబంధాల విషయంలోనూ అదే మాట అని అమ్మ చేత తిట్లు తింది. ఇంకో మాట, "చెప్పి తియ్యి" అని. మనం రాశాం అనుకున్నది నిజంగా డిస్కు మీదికి వెళ్ళడానికి కాస్త సమయం పడుతుంది, ఈలోగా కొంత సిస్టమ్ తన దగ్గరే అట్టే పెట్టుకుంటుంది. ఇక తీసేస్తున్నాను అని చెబితే మిగిలింది కూడా రాసేసి అప్పుడు వదులుతుంది. చెప్పకుండా లాగేస్తే సగం మాటలు పోతాయి. ఈ అలవాటు ఆవిడకి ఇంట్లోనూ ఉండేది. ఎవరి ముందునుంచీ ఖాళీ గ్లాసు కూడా అడగకుండా తీసేది కాదు. "తియ్యనా?" అని అడిగి, తలూపాకే తీసేది. ఇప్పుడు చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

మూడో సంగతి చెప్పకుండా ఉండలేను. ఎవరైనా ఒక ఫైలు ఊరికే తెరిచి చూసినా, ఫలానా టైముకి చూశారని సిస్టమ్ డిస్కు మీద రాసి పెడుతుంది. చూసినప్పుడల్లా ఒక రాత. పలక మీద ఒకే చోట మాటిమాటికీ తుడిచి రాస్తే అక్కడ అరిగిపోతుంది కదా, ఈ డిస్కులూ అంతే. అందుకని ఆ గుర్తు రాసే పని లేకుండా పిన్ని సెట్టింగుల్లోనే మార్చి పెట్టింది. నేను చేరిన కొత్తలో అదేమిటని అడిగితే, "చూసి పోయేవాళ్ళని చూసి పోనీవే. చూసినందుకు గుర్తు పెట్టక్కర్లేదు" అంది.

అమ్మ పోయినప్పుడు నాకు ఆ మాట అర్థమైంది. చుట్టాలంతా వచ్చి ఏడిపించి, ధైర్యం చెప్పి, వచ్చినట్టు నలుగురికీ తెలిసేలా వెళ్ళారు. పిన్ని స్టూడియో నుంచి వెళ్తూ దారిలో యూసుఫ్‌గూడలో ఆటో దిగేది. నా ఫ్లాట్‌లో కుర్చీ లాక్కుని కూర్చునేది. నేను బట్టలు మడత పెడుతూ ఉంటే చూసేది. తిన్నావా అని కూడా అడిగేది కాదు, చూస్తే తెలుస్తుంది కదా. కాసేపయ్యాక లేచి వెళ్ళిపోయేది. పోయింది తన అక్క. ఆవిడ ఏడుపు ఆవిడకి ఉంది. దాన్ని నా మీద పెట్టకుండా అన్ని సాయంత్రాలు ఎలా కూర్చుందో నాకిప్పటికీ తెలీదు.

ఇన్ని జాగ్రత్తలున్న మనిషి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఎవరూ చెయ్యని పొరపాటు చేసింది. ఆవిడని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

దసరాకి స్టూడియోలో ఆయుధపూజ ఘనంగా జరిగేది. మైకులకీ, హెడ్‌ఫోన్లకీ, పెద్ద మిక్సింగ్ బల్లకీ, కాంటీన్‌లో గ్రైండరుకీ కూడా గంధం, కుంకుమ బొట్లు పెట్టేవాళ్ళం. ఆ రోజు ఏ యంత్రమూ నడపకూడదు, వాటికి విశ్రాంతి. డిస్కుల గదిలో పూజ పిన్నిది. అప్పుడు పనిలో ఉన్న సినిమా డిస్కు ఒకటి అట్టలోంచి తీసి, అమ్మవారి పటం ముందు పెట్టి, పైన పేరు రాసి ఉన్న వైపు బొట్టు పెట్టడం ఆవిడ ఆనవాయితీ.

ఆ ఏడు ఆ డిస్కు ఒక పెద్దాయనది. తండ్రి వేషాలు, తాత వేషాలు వేసీ వేసీ ప్రతి ఇంట్లోనూ మనిషైపోయిన నటుడు. ఆ సినిమాలో తన మాటలన్నీ చెప్పేసి వెళ్ళిన కొద్ది రోజులకే జబ్బుపడి ఆస్పత్రిలో చేరాడు. గొంతులో గొట్టం వేశారు, ఇక మాట రాదని డాక్టర్లు తేల్చేశారు. ఆయన మాటలన్నీ ఆ ఒక్క డిస్కు మీదే ఉన్నాయి, రికార్డు చేసినచోట కాపీ ఉంచుకోలేదు. అవతలి థియేటరు నుంచి అది మాకు చేరింది పూజ రోజు పొద్దునే. యంత్రాలు ఆపేసి ఉన్నాయి కాబట్టి కాపీ తియ్యడం పండగ తర్వాతకి పడింది.

పండగ మర్నాడు గదిలో అడుగుపెట్టి ఆ డిస్కు పెట్టి మౌంట్ చేస్తే సిస్టమ్ ఒప్పుకోలేదు. ఇందులో ఏమీ లేదంది. పిన్ని డిస్కు బయటికి తీసి తిప్పి చూసింది. మెరిసే వైపు, మధ్య చిల్లుకి ఆనుకుని, ఎండిపోయిన గంధం మీద కుంకుమ బొట్టు. రాత ఉండేది ఆ వైపే. ఆవిడ మొహం అలా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు. "ఎవరు పెట్టారు పిన్నీ?" అన్నాను. "నేనే" అంది.

తడి గుడ్డతో తుడిచింది. డిస్కుని గుండ్రంగా తుడవకూడదు, మధ్యలోంచి అంచుకి తుడవాలి. అలా ఎంతో నెమ్మదిగా తుడిచింది. కుంకుమ పోయింది. కానీ ఎండిన గంధం అట్టలో రాసుకుని గీతలు పడ్డాయి. ఈ డిస్కుల్లో రాత మొదలయ్యేది చిల్లు దగ్గరే, అంటే గీతలు పడ్డది సరిగ్గా మొదట్లోనే. మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే మాట.

మేనేజరుది హైదరాబాదే, మంచి మనిషి. "పిన్నిగారూ, జర ఫికర్ చెయ్యకుండ్రి. పెద్దాయన లెక్కనే మాట్లాడేటాయన ఒకాయన ఉన్నడు. రేపే పిలిపిస్త, అయిపోతది" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు, మా దగ్గర ఒకరి మొహానికి ఇంకొకరి గొంతు పెట్టడం రోజూ జరిగేదే. పిన్ని సాయంత్రం దాకా గడువు అడిగింది. ఆయన సరేనని, మర్యాదకి పెద్దాయన ఇంటికి ఫోన్ చేసి విషయం చెప్పాడు.

మధ్యాహ్నం పెద్దాయన భార్య ఆస్పత్రి నుంచి నేరుగా స్టూడియోకి వచ్చారు. నలిగిన చీర, చేతిలో మందుల సంచి. చెప్పులు గుమ్మం బయటే విప్పి లోపలికి వచ్చారు. కోప్పడలేదు. "మొహం ఒకటే ఉంటే ఆయనెలా అవుతారమ్మా? ఇంట్లో కూడా ఇక ఆ గొంతు వినపడదు. కనీసం ఇందులోనైనా ఉంటుందనుకున్నాను" అన్నారు.

పిన్ని లేచి నిలబడింది. దుమ్ము పడిందనో, మిషను పాడైందనో అనొచ్చు. ఎవరూ అడిగేవాళ్ళు లేరు. "బొట్టు పెట్టింది నేనండీ. ఎప్పుడూ పేరున్న వైపే పెడతాను. డిస్కు రాగానే దాని మీద మీవారి పేరు నా చేత్తోనే రాశాను. ఆయన ఆస్పత్రిలో ఉన్నారు కదా, కుంకుమ పట్టుకున్నాక ఆ పేరు మీద బొట్టు పెట్టడానికి చెయ్యి రాలేదు. పోయినవాళ్ళ ఫొటోకి పెట్టినట్టు అనిపించింది. తిప్పి వెనక పెట్టాను. అటు పెట్టకూడదని బుర్రకి తెలుసండీ. చెయ్యి వినలేదు. పూజవగానే తుడుద్దామనుకుని ప్రసాదాల హడావుడిలో మర్చిపోయాను" అంది.

నాకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది. పెద్దాయన భార్య మందుల సంచి కింద పెట్టారు. తర్వాత పైట చెంగుతో కళ్ళొత్తుకుని, "పేరు మీద పెట్టలేదు కదా. చాల్లెండి" అన్నారు. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని, "నేనిక్కడే ఉంటాను, మీ పని చూసుకోండి" అన్నారు.

పిన్ని మళ్ళీ సిస్టమ్ ముందు కూర్చుంది. డిస్కులో ఏది ఎక్కడుందో చెప్పే ఆనవాలు ఒకటి మొదట్లో ఉంటుంది. అలాంటిదే ఇంకొకటి చిట్టచివర కూడా రాసి ఉంటుంది. సిస్టమ్ మామూలుగా మొదటిదే వెతుక్కుని, అది దొరక్కపోతే చేతులెత్తేస్తుంది. మౌంట్ చేసేటప్పుడే, మొదట్లో ఉన్నది చూడకు, ఇదిగో చివరి గడి, అక్కడినుంచి వెనక్కి వెతుకు అని చెప్పొచ్చు. చెప్పొచ్చని మా ఇద్దరికీ తెలుసు గానీ ఎప్పుడూ అవసరం పడలేదు. ఆ రోజు మాత్రం పిన్ని కీబోర్డు చూస్తూ, ఒక్కో అక్షరమే కొట్టింది. చదవడానికి మాత్రమే అన్న మాట మర్చిపోకుండా చేర్చింది. రెండుసార్లు రాలేదు. చివరి గడి అంకె మార్చి మళ్ళీ కొట్టింది. డ్రైవు గరగరమని చాలాసేపు తిరిగింది. తిరిగి తిరిగి, తెర మీద పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడ్డాయి.

వెంటనే కాపీ పెట్టింది. అది నడుస్తుండగా, అప్పటికే హార్డ్‌డిస్కు మీదికి వచ్చేసిన మొదటి ఫైలు తెరిచి, హెడ్‌ఫోన్లు తీసుకెళ్ళి పెద్దాయన భార్య చెవులకి పెట్టింది. ఆవిడ ఏం విన్నారో నాకు వినపడలేదు. హెడ్‌ఫోన్లు రెండు చేతులతో గట్టిగా అదిమిపెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఒక దగ్గర చిన్నగా నవ్వి, "జలుబు చేసింది ఆ రోజు. వద్దంటే వినకుండా వచ్చారు" అన్నారు. పిన్ని ఇవతలికి తిరిగి అమ్మవారి పటం సర్దుతున్నట్టు నిలబడిపోయింది. నేను బయటికి వెళ్ళి ఏడ్చాను.

అన్నీ వచ్చేశాయని రాయాలని ఉంది గానీ రాలేదు. ఒక్క సీను రాలేదు. గీతలు పడ్డ చోట ఉందది. పెద్దాయన వీధరుగు మీద కూర్చుని మనవరాలికి చెప్పులు తొడుగుతూ ఏదో చెప్పే చిన్న సీను. డైరెక్టరు ఇంకొకరి గొంతు పెట్టనంటే పెట్టనన్నాడు. అక్కడ సంగీతం మాత్రం ఉంచాడు. సినిమాలో ఆ కాసేపూ పెద్దాయన పెదవులు కదులుతుంటాయి, మాట వినపడదు. సినిమా విడుదలయ్యేసరికి ఆయన లేరు. ఆ సీను చాలా బాగా తీశారని చూసినవాళ్ళు మెచ్చుకున్నారు. పిన్ని ఆ సినిమా టీవీలో ఎప్పుడొచ్చినా చూసేది, ఆ సీను వచ్చేముందు మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళేది. చివరిదాకా అంతే. బాబాయి ఓసారి "ఎవరూ తప్పు పట్టలేదు కదే" అంటే, "ఆయనేమన్నాడో వినాలని నాకుండదా?" అంది. ఇంకెప్పుడూ బాబాయి ఆ ఊసెత్తలేదు.

పనికిరాదని పక్కన పడేసిన ఆ డిస్కుని పిన్ని అడిగి ఇంటికి తెచ్చుకుంది. తర్వాత తర్వాత డిస్కుల బదులు చేత్తో మోసుకెళ్ళే హార్డ్‌డిస్కులొచ్చాయి, అవీ పోయి అన్నీ తీగల్లోంచే వెళ్ళడం మొదలైంది. మా గదిని స్టూడియోవాళ్ళు కాఫీ మిషను పెట్టుకునే చోటుగా మార్చారు. ఇప్పుడక్కడ ఎవరూ చెప్పులు విప్పరు. రిటైరయ్యాక ఒకసారి పిన్ని నన్ను చూడ్డానికి స్టూడియోకి వచ్చి, గుమ్మం దగ్గర అలవాటుగా చెప్పులు విప్పేసి, లోపల టీ తాగుతున్న పిల్లల్ని చూసి నవ్వి మళ్ళీ తొడుక్కుంది. ఎంత తిట్టేది, ఎంత నవ్వేది ఆ గదిలో! ఏమీ మిగల్చలేదు వాళ్ళు.

మొన్న పెద్దకర్మ ముందురోజు ఫొటో ఫ్రేము కట్టించి తెచ్చారు. బాబాయి కిందటేడు బాల్కనీలో తీసిన ఫొటో. గంజి పెట్టిన చీర, తీసేవాణ్ణి ఏదో అనబోతున్నట్టు మొహం. హాల్లో చుట్టాలంతా కూర్చుని ఉన్నారు. మా పెద్దత్తయ్య గంధం తీసి, కుంకుమ గిన్నె తెచ్చి బాబాయి ముందు పెట్టింది. బాబాయి వేలు గంధంలో ముంచి, ఫ్రేము దాకా తీసుకెళ్ళి, వెనక్కి తెచ్చేసుకున్నాడు. గంధం లుంగీకి తుడిచేసుకుని, "నా చేత కాదమ్మా, నువ్వు పెట్టు" అని నావైపు జరిపాడు.

నేను ఫ్రేము ఒళ్ళో పెట్టుకున్నాను. గంధం వేలికి చల్లగా తగిలింది. అద్దం మీద, సరిగ్గా నుదురు దగ్గర పెట్టాలి. పెట్టేస్తే అయిపోతుంది, ఇక ఆవిడ అందరిలాగే గోడ మీది ఫొటో. నా చెయ్యి కూడా వినలేదు. ఫ్రేము తిప్పాను. వెనక చెక్క మీద, మేకుకి తగిలించే కొక్కెం కింద, గంధం పెట్టి దాని మీద కుంకుమ అద్దాను. పెద్దత్తయ్య "అదేమిటే, అటు పెడతారా ఎవరైనా?" అంది. బాబాయి మాత్రం నావంక చూసి, మెల్లిగా తలూపాడు. తనే లేచి, ఫ్రేము నా ఒళ్ళోంచి తీసుకోబోతూ ఆగి, "తియ్యనా?" అన్నాడు.

ఫొటో ఇప్పుడు హాల్లో, కిటికీకి ఎదురుగా ఉంది. మేము పెట్టిన బొట్టు గోడవైపు ఉంది, ఎవరికీ కనపడదు. ముందు నుంచి చూస్తే పిన్ని నుదుట, ఫొటో తీసిన రోజు పొద్దున అద్దం ముందు నిలబడి ఆవిడ పెట్టుకున్న బొట్టే ఉంది.